బరంపురంలో స్వింగ్ నాట్యానికి గౌను కుట్టించుకున్న నా అనుభవం

రెండు చేతులూ తలపైకి ఎత్తి తిరిగినా నడుము దగ్గర బట్ట పైకి జరగని గౌను ఒకటి ఇప్పటికి నాకు అమరింది. అది నా ఒంటి మీదికి రాకముందు ఈ ఊళ్లోని ఒక పేరున్న టైలరింగు దుకాణంలో నాకు జరిగిన అవమానం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి, ఆ వేడి చల్లారకముందే జరిగినదంతా రాస్తున్నాను. జాజ్ సంగీతానికి జంటగా చేసే ఈ స్వింగ్ నాట్యం నేర్చుకోవాలనుకునే స్త్రీలకు, ముఖ్యంగా నలభై దాటినవారికి, ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

నేను ఒడిశాలోని బరంపురంలో తెలుగు మాధ్యమ పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఉద్యోగాల మీద బెంగళూరు నుంచి వచ్చిన ఒక జంట సెలవు రోజుల్లో ఒక మేడ మీది హాలు అద్దెకు తీసుకుని లిండీ హాప్ అనే స్వింగ్ నాట్యం నేర్పుతున్నారని తెలిసి మావారూ నేనూ చేరాము. చేరడానికి ఏ ఇబ్బందీ కలగలేదు. దుస్తుల విషయంలో వారు నిర్బంధమేమీ పెట్టలేదు. ఒంటికి హాయిగా ఉండేవి ఏవైనా వేసుకురమ్మన్నారు. పాతకాలపు తీరులో కుట్టించుకోవాలన్న కోరిక పూర్తిగా నాది. 1926లో న్యూయార్కులోని హార్లెంలో తెరిచిన సవాయ్ బాల్‌రూములో నల్లజాతి యువతీయువకులు పెంచి పెద్దచేసిన నాట్యం ఇది. 1935లో ఫ్రాంకీ మానింగ్ అనే నర్తకుడు తన జోడీని వీపు మీదుగా గాలిలో తిప్పి దించినది ఆ నేల మీదనే. అంతటి వేగంతో, అంతటి బలంతో నాట్యం చేసిన ఆ స్త్రీలు ఏమి కట్టుకున్నారో చూసి నేర్చుకోవడం కంటే మంచి దారి మరొకటి ఉండదని నాకు తోచింది.

చూడగా తేలినది ఇది. పాతకాలపు గౌను అనగానే ఇప్పుడు అందరి కళ్లకూ కట్టేది పూర్తి గుండ్రంగా విచ్చుకునే లంగా. నిజానికి ఆ లంగా 1950ల నాటిది. 1942లో, యుద్ధం నడుస్తున్నప్పుడు, అమెరికా ప్రభుత్వం ఆడవారి దుస్తులకు ఎంత బట్ట వాడవచ్చో హద్దు పెట్టింది. 1947లో పారిస్ నుంచి క్రిస్టియన్ డియోర్ తెచ్చిన పోకడతోనే మీటర్లకు మీటర్లు మింగే లంగాలు మళ్లీ వచ్చాయి. లిండీ హాప్ మంచి ఊపు మీద ఉన్న 1930, 40ల నాటి ఫొటోలు చూస్తే, మోకాలి దగ్గరికి దిగి, నడుము నుంచి కిందికి కొద్దికొద్దిగా వెడల్పయ్యే ముక్కల లంగాలు, పొట్టి చేతుల జాకెట్లు, మడమ ఎత్తులేని బూట్లు ఎక్కువగా కనిపిస్తాయి. మన చీరల లోపల కట్టే ఆరు ముక్కల లంగా ఏ లెక్కన కత్తిరిస్తారో, ఈ లంగానూ ఆ లెక్కనే కత్తిరిస్తారు. బరంపురంలో ఆరు ముక్కల లంగా కుట్టలేని టైలరు లేడు కదా అని నేను ధీమాగా ఉన్నాను.

బట్ట పెద్ద బజారులో ఒక్క పూటలో దొరికింది. తెల్లని చిన్న చుక్కలున్న ముదురు నీలం నూలు కేంబ్రిక్ అది. ఈ ఊరి పట్టుకు ఉన్న పేరునుబట్టి బంధువులు పట్టుగౌను కుట్టించుకోమన్నారు గాని, గోపాలపూర్ సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలిలో పావుగంట గెంతితే చెమట మరక పట్టు మీద శాశ్వతంగా నిలిచిపోతుంది. బరంపురం పట్టును పెళ్లిళ్లకు దాచుకోవాలి. ఆ కాలంలో రేయాన్ ఎక్కువగా వాడేవారు, అది జారుతూ అందంగా ఊగుతుంది. కాని తడిస్తే దాని బలం తగ్గుతుంది కాబట్టి చెమట బాగా పట్టేవారికి నేను నూలునే చెబుతాను. కొన్న బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతే టైలరుకు ఇవ్వాలి.

బూట్ల సంగతి కూడా తేలికగానే తీరింది. బడిపిల్లలు డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు కొన్నాను. రబ్బరు అడుగు నేలను గట్టిగా పట్టుకుంటుంది. పాదం ఆగిపోయి ఒళ్లు తిరిగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. అందుకని చెప్పులు కుట్టే ఆయన చేత రబ్బరు మీద నూగుగా ఉండే మెత్తని తోలు అతికించుకున్నాను. వాటిని సంచిలో పట్టుకెళ్లి హాలులోనే తొడుక్కోవాలి, వానలో తొక్కకూడదు, నూగు అణగిపోతే గట్టి బ్రష్షుతో గీకాలి.

ఇక ఆ దుకాణం. ఎవరిని అడిగినా ముందు ఆ పేరే చెప్పారు. మగవారి బల్ల ఒకవైపు, ఆడవారి బల్ల ఒకవైపు ఉంటాయి. మావారు తన బల్ల దగ్గరికి వెళ్లి, బొడ్డు మీదికి వచ్చేంత ఎత్తు నడుముతో, ముందు రెండేసి కుచ్చిళ్లతో, వదులుగా ఒక ప్యాంటు కావాలని చెప్పారు. అక్కడి మాస్టరు ఎందుకని ఒక్క మాట అడగలేదు. కొలతలు రాసుకుని, చెప్పిన రోజుకు, చెప్పినట్టే కుట్టి ఇచ్చాడు. ఆయన పని అక్కడితో ముగిసింది.

నేను మాత్రం ఒక కాగితం మీద బొమ్మ గీసి, అంకెలు వేసి తీసుకెళ్లాను. ఆరు ముక్కల లంగా, మోకాలి కిందికి రెండంగుళాలు. చంక రౌండు ఎత్తుగా, చంకకు దగ్గరగా ఉండాలి. జిప్పు ఎడమ పక్క కుట్టులో రావాలి. వీపు మీద జిప్పు గాని, హుక్కులు గాని ఉండకూడదు. లిండీ హాప్‌లో జోడీ కుడిచేయి మన వీపు మీద, భుజపుటెముక కింద ఆనుతుంది. అక్కడ లోహపు జిప్పు ఉంటే ఆయన వేళ్లకూ, మన చర్మానికీ రాపిడే. ఆ కాలపు గౌనులకు పక్క కుట్టులో జిప్పు ఉండడం మామూలే కాబట్టి, నేను అడిగినదానిలో వింత ఏదీ లేదు.

ఆ దుకాణదారు కాగితం చూడకుండానే మడిచి గల్లాపెట్టె మీద పెట్టాడు. బల్ల చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు ఉన్నారు. వారిలో నా తరగతిలో చదివే ఒక అమ్మాయి తల్లి కూడా ఉంది. "గౌను ఎవరికండీ, పాపకా?" అని అడిగాడు. నాకే అన్నాను. "ఈ వయసులో గౌనా టీచరమ్మగారూ? నైటీ అని చెప్పండి, కుట్టేస్తాను" అన్నాడు. పక్కనున్నవారు నవ్వారు. నాట్యం క్లాసుకని చెప్పాను. అప్పుడు నవ్వు ఆగి అందరి చూపులూ నా మీద పడ్డాయి. అంతకంటే ఆ నవ్వే నయమనిపించింది. తరువాత టేపు పట్టి, ఛాతీ, నడుము, పిరుదుల కొలతలు ఒక్కొక్కటీ, దుకాణం వెనక పుస్తకంలో రాసుకుంటున్న కుర్రవాడికి వినిపించేలా, ఆ చివరి నుంచి ఈ చివరికి కేకవేసి చెప్పాడు. నా నడుము కొలత ఇప్పుడు ఈ పేట అంతటికీ తెలుసు. ఊపిరి నిండుగా పీల్చి ఉన్నప్పుడు నడుము కొలవమని నేను అడిగితే, "ఊపిరి బిగబట్టండి మేడం, గౌను బిగుతుగా ఉంటేనే అందం" అన్నాడు.

బట్ట విషయంలో మాటామాటా పెరిగింది. ఆయన దృష్టిలో గౌను అంటే పూర్తి గుండ్రంగా విచ్చుకునే అంబ్రెల్లా కట్ ఒక్కటే. అందుకు అయిదు మీటర్లు కావాలని, నేను తెచ్చినది చాలదని వాదించాడు. నేను అడగని అంబ్రెల్లాకు కూడా అంత అక్కరలేదని అక్కడికక్కడే లెక్క వేసి చూపించాను. ముప్పైనాలుగు అంగుళాల నడుమును 6.28తో భాగిస్తే మధ్య రంధ్రానికి వ్యాసార్ధం అయిదున్నర అంగుళాలకు కాస్త తక్కువ వస్తుంది. దానికి ఇరవైయేడు అంగుళాల పొడవు కలిపితే ముప్పైరెండున్నర. పన్నా నలభైనాలుగు అంగుళాలు కాబట్టి గుండ్రాన్ని రెండు అర్ధచంద్రాలుగా కోయాలి. ఒక్కొక్కదానికి అరవై అయిదు అంగుళాల బట్ట పడుతుంది. రెండింటికీ కలిపి మూడుంబావు మీటర్ల కంటే కాస్త ఎక్కువ. ఇన్నేళ్లుగా పిల్లలకు వృత్తం నేర్పుతున్నదాన్ని, ఇంత తప్పులేని లెక్క ఆ దుకాణంలో అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. దానికి ఆయన ఇచ్చిన జవాబు, "లెక్కలు బళ్లో చెప్పండి, కత్తెర నాకు వదిలేయండి" అని. ఆ అమ్మాయి తల్లి ఎదుటనే ఆ మాట అన్నాడు.

అయినా బట్ట ఇచ్చి వచ్చాను, ఎందుకంటే ఊరంతా ఆ చేతిపనినే మెచ్చుకుంటుంది. పలుమార్లు తిప్పించుకున్న తరువాత చూపించిన గౌనులో నేను అడిగినది ఒక్కటీ లేదు. లంగా నాలుగు ముక్కలది, అంచు ఇరుకుగా ఉంది. లోపల నా అనుమతి లేకుండా శాటిన్ లైనింగు వేశాడు. జిప్పు నడి వీపున ఉంది. ఇవన్నీ నేను ఓర్చుకునేదాన్నేమో గాని, చంక రౌండును నేను రాసినదానికంటే చాలా కిందికి దించి, వదులుగా ఉంటుందని అలా చేశానని చెప్పాడు. ఇక్కడే చాలామంది మోసపోతారు కాబట్టి వివరంగా చెబుతాను. చేతిబట్ట, ఒంటిబట్ట కలిసేది చంక రౌండు దగ్గర. ఆ కలయిక కిందికి దిగేకొద్దీ, చేయి ఎత్తినప్పుడు చేతిబట్ట పక్క కుట్టును పట్టుకుని పైకి లాగుతుంది. దానితోపాటు గౌను అంతా లేస్తుంది. కలయిక చంకకు దగ్గరగా ఉండి, చేతి పైభాగపు వంపు తక్కువగా ఉంటే, చేయి తన దారిన తాను లేస్తుంది, ఒంటిబట్ట కదలదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, వేసుకుని చేయి ఎత్తితే ఒక్క క్షణంలో రుజువవుతుంది.

నేను అద్దం ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తాను. నడుము కుట్టు నాలుగంగుళాలు పైకి వచ్చింది, లంగా అంచు మోకాళ్లు దాటి లేచింది, చంకలో కుట్టు చిటుక్కుమంది. చుట్టూ ఉన్నవారంతా చూస్తుండగా ఆయన అన్నమాట ఇది: "చేతులెత్తకండి మేడం. మర్యాదస్తులెవరూ చేతులెత్తి నిలబడరు కదా." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నల్లబల్ల మీద పైవరసలో రాయడానికి నేను రోజూ చేయి ఎత్తుతాను. బస్సులో కడ్డీ పట్టుకోవడానికి ఎత్తుతాను. అటక మీది డబ్బా దించడానికి ఎత్తుతాను. ఆడదానికి చేయి ఎత్తే పని ఉంటుందని ఒప్పుకోని కత్తెరకు ఎంత పేరుంటే మాత్రం ఏమి లాభం? అదే కప్పు కింద, పది అడుగుల అవతల, మగవారి బల్ల దగ్గర మావారు అడిగినదంతా నోరెత్తకుండా కుట్టి ఇచ్చారు. నేను కుట్టుకూలి సగమే చెల్లించి, గౌను తీసుకుని బయటికి వచ్చాను. రసీదు రాసే కుర్రవాడు వీధి చివరిదాకా వెంట వచ్చి, "అపా, మీ కాగితం" అని, ఒడియాలో అక్కా అని పిలిచి, నా బొమ్మ నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ దుకాణంలో మనిషిలా నడుచుకున్నది అతను ఒక్కడే.

పెద్ద బోర్డున్న దుకాణానికి వెళ్లవద్దు. ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టే ఆడవారి దగ్గరికి వెళ్లండి. తాము కూడా చేయి ఎత్తే మనుషులు కాబట్టి వారికి చెప్పింది అర్థమవుతుంది. నాకు మా పిన్ని కుట్టి ఇచ్చింది. కాగితం చూసి ఆమె అడిగింది ఒకటే: "చంకలో ముక్క వేయనా అమ్మా? మీ అమ్మమ్మ రవికలకు అలాగే వేసేవాళ్లం." ఆ దుకాణపు గౌను కుట్లు విప్పి, మిగిలిన బట్టకు ఇంకో మీటరు కలిపి, చంక కింద అరచేతిలో సగమంత నలుపలకల ముక్క ఏటవాలుగా వేసి కుట్టింది. ఆ ముక్క సాగినట్టు విచ్చుకుంటుంది, చేయి దించగానే మడతలోకి పోతుంది. మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ చూడడానికి వచ్చి, తన దగ్గరికి వచ్చేవారికి కూడా ఇలాగే వేస్తానంది.

గౌను కింద మోకాలి పైకి ఉండే నూలు నిక్కరు తప్పనిసరిగా వేసుకోవాలి. క్లాసులో గాజులు తీసేయాలి, చేతులు మార్చుకునేటప్పుడు పగిలి ఎదుటివారి మణికట్టు కోస్తాయి. నల్లపూసలు గౌను లోపలికి వేసి పిన్ను పెట్టుకోవాలి. మగవారు ఒక తుండు, మార్చుకోవడానికి ఇంకో చొక్కా తెచ్చుకోవాలి. ఇది నేను మర్యాద కోసం చెబుతున్న మాట కాదు, తడిసిన వీపు మీద చేయి వేసి నాట్యం చేయవలసినది మేము. కొనే ముందు ఏ గౌనునైనా అద్దం ముందు నిలబడి చూస్తే సరిపోదు. చేతులు ఎత్తి, ముందుకు వంగి, ఒక కాలు వెనక్కి పెద్దగా వేసి, నిండా ఊపిరి పీల్చి చూడాలి.

మా క్లాసులో మరికొందరు అడిగారు కాబట్టి ఆరు ముక్కల లంగాలో ఒక్కో ముక్క కొలతను గోధుమరంగు అట్టకాగితం మీద దించి ఇచ్చాను. నడుమును ఆరుతో భాగించి కుట్లకు ఒక అంగుళం కలపాలి. నాకు అది ఆరు అంగుళాల ముప్పాతిక కంటే పిసరు తక్కువ వచ్చింది. అంచు దగ్గర పదిహేను అంగుళాలు, దానికీ ఒక అంగుళం. రెండింటినీ గీతతో కలిపాక, నడుముకు ఎనిమిది అంగుళాల కింద ముక్క వెడల్పును, కుట్ల అంగుళం తీసేసి, ఆరుతో గుణిస్తే పిరుదుల కొలత కంటే కనీసం రెండంగుళాలు ఎక్కువ రావాలి. రాకపోతే అంచును ఇంకాస్త వెడల్పు చేసుకోవాలి. కుట్టిన లంగాను ఒక రాత్రి దండెం మీద వేలాడదీసి, ఏటవాలు పోగు దిగేదంతా దిగిన తరువాతే అంచు మడవాలి.