ఒక్కదానివే వచ్చినావా?

హార్స్లీ హిల్స్ మీద సూర్యోదయం బాగుంటుందని అందరూ చెబుతారు. నిజమే, బాగుంది. కానీ నేను రాయాలనుకున్నది ఆ కొండ దిగాక, గుర్రంకొండ దారిలో గడిచిన పూట గురించి. కార్లలో వెళ్ళేవాళ్ళు ఆ దారిని మాటల్లోనే దాటేస్తారు. సైకిల్ మీద నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. అందులో చాలా సేపు ఒక వేపచెట్టు కింద గడిచిపోయింది.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. సైకిల్ నేర్చుకున్నది కాలవ గట్టు మీద. మా వైపు వంతెన తప్ప ఎక్కడానికి ఇంకేమీ ఉండదు. ఎదురుగాలి ఒక్కటే కష్టం. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాకే గేర్ల సైకిల్ కొన్నాను, నంది హిల్స్ ఎక్కేవాళ్ళతో కలిశాను. ఆదివారం పొద్దున అక్కడ కార్ల వరస చూస్తే విసుగొస్తుంది. పొగ పీలుస్తూ కొండెక్కడం ఎందుకనిపించి ఈసారి మదనపల్లె వచ్చాను.

మదనపల్లె ఊరే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. హార్స్లీ హిల్స్ 1,265 మీటర్లు. ఆ తేడా అంతా చివర్లో ఘాట్ రోడ్డు మీదే కాళ్ళకు తెలుస్తుంది. మొదటి మలుపుల్లోనే చిన్న గేరులోకి వచ్చేశాను. ఇక అక్కడి నుంచి తొందరపడి లాభం లేదు. ఊపిరి ఎంత ఆడితే అంత తొక్కడమే. ఆషాఢం గాలి ఒక మలుపులో వెనక నుంచి తోస్తుంది, తర్వాతి మలుపులో ముఖానికి కొడుతుంది. పైకి వెళ్ళేకొద్దీ నీలగిరి చెట్ల వాసన. రోడ్డు మీద కోతులు తప్ప పెద్దగా ఎవరూ లేరు. నంది హిల్స్‌లో దొరకనిది ఇదే, నా ఊపిరి చప్పుడు నాకు వినపడటం.

పైన మాత్రం మనసు పాడైంది. చల్లటి చోటు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్లీ పేరు బోర్డుల మీద ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు మాత్రం ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటారు. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ అని వాళ్ళ కథ. ఆ అమ్మవారి గుడీ ఇక్కడే ఉంది. అలాంటి కొండ మీద, నేను దిగిన లాడ్జీలో కౌంటరు దగ్గరి మనిషి నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "సింగిల్ లేడీయా మేడమ్? సార్ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను. అయితే సార్ ఫోన్ నంబరు రాయమన్నాడు. నా ముందు వచ్చిన నలుగురు కుర్రాళ్ళను ఎవరి నంబరూ అడగలేదు. శనివారమని గది అద్దె రెట్టింపు తీసుకున్నారు, కింద పన్నెండు రూపాయల టీ పైన ముప్ఫై. వాటికన్నా ఆ ఫోన్ నంబరే రాత్రంతా గుచ్చింది. మా నాన్న సైకిల్ నేర్పినప్పుడు వెనక సీటు ఎప్పుడు వదిలేశాడో నాకు చెప్పలేదు. "వదిలేశానని తెలిస్తే పడిపోయేదానివి" అన్నాడు తర్వాత. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాక ఇంకొకళ్ళు వచ్చి ఆ సీటు పట్టుకుంటానంటే కోపం రాదా?

పొద్దున గాలి బండ మీద నిలబడితే కాస్త తేలికయింది. ఆ బండ మీద గాలికి మనిషి నిలదొక్కుకోవడమే కష్టం. కింద చెరువులు, ఎర్రనేల, రాళ్ళగుట్టలు. వెలుగు బాగా వచ్చాక బ్రేకులు మరీ వేడెక్కకుండా నొక్కుతూ వదులుతూ దిగి, కురబలకోట వైపు వచ్చి గుర్రంకొండ దారి పట్టాను.

ఈ దారి ఒక్క కిలోమీటరు కూడా సమంగా ఉండదు. దిగుతుంది, ఊపు అందుకునేలోపు ఎక్కుతుంది. రెండు పక్కలా టమోటా తోటలు. మా వైపు వరిచేలలాగే ఇక్కడ చూపు ఆనినంత మేరా కట్టెలు నాటి, పురికొస లాగి, మొక్కను నిలబెట్టి కట్టారు. ప్లాస్టిక్ బాక్సులు ఎత్తుగా పేర్చిన వ్యాన్లు మదనపల్లె మార్కెట్‌కు పోతూ హారన్ కొట్టి పలకరిస్తున్నాయి. ఎండ ఎక్కింది, సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఒక తోట పక్కన వేపచెట్టు కింద ఆడవాళ్ళు కోత ఆపి కూర్చుని ఉంటే ఆగాను.

అందరిలో పెద్దావిడ నన్నూ సైకిల్‌నీ చూసి, "ఏం పాపా, ఒక్కదానివే వచ్చినావా?" అంది.

రాత్రి మాటే మళ్ళీ. నా ముఖం మారిందేమో. "అవునవ్వా" అని ఊరుకున్నాను.

"ఇంత ఎండలో పడి యాడికి పోతా ఉండావు?"

"గుర్రంకొండ, తరిగొండ, వాయల్పాడు. రాత్రికి మదనపల్లె."

"అయితే తిని పో. తినకుండా ఎట్ల తొక్కుతావు?"

నంబరు అడగలేదు, తోడెవరని అడగలేదు. టిఫిన్ క్యారియర్ మూతలో రాగి సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి పుల్లగూర వేసింది. పక్కన చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి. మా ఇంట్లో సంగటి ఎప్పుడూ వండలేదు. బెంగళూరులో తిన్న ముద్ద నాకు నచ్చలేదు కూడా. ఇక్కడ ఆకలి వల్లో ఆ ఊరిబిండి కారం వల్లో రెండో ముద్ద అడిగి మరీ పెట్టించుకున్నాను. అందరూ నవ్వారు.

తర్వాత సైకిల్ ధర అడిగింది. ఈ ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ వస్తుంది. చెప్పడానికి నాకు ఎప్పుడూ ఇబ్బందే, తగ్గించి చెప్పాలనిపిస్తుంది. ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఎనభై వేలు. ఆశ్చర్యపోలేదు. "మేము అరెకరా టమోటాకు పెట్టేంత" అంది. నారు, కట్టెలు, పురికొస, మందులు, కోత కూలి, బాడుగ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. దూరం పోయే కాయను దోరగా ఉన్నప్పుడే కోయాలట, పండింది దగ్గరి ఊళ్ళకే పనికొస్తుందట. బాక్సు వందకు పడిపోతే కోత కూలి కూడా రాదు, అప్పుడు చెట్టు మీదే వదిలేస్తారు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటింది. ఆ నెల మా అపార్ట్‌మెంట్‌లో అందరం టమోటా రైతులు కోటీశ్వరులైపోయారని మాట్లాడుకున్నాం. అదే అడిగాను. "అప్పుడు మాకు తోట లేదు పాపా. ముందు పంటకు ధర లేక పారబోసి, మళ్ళా నాటలేదు. మా మాదిరి శానామంది నాటలేదు. అందుకే కదా అంత ధర వచ్చింది" అంది. ధరలు ఎందుకు పెరిగాయో ఆ నెలంతా టీవీల్లో విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

లేవబోతుంటే సంచిలో నాలుగు టమోటాలు వేసింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

గుర్రంకొండలో కోట కొండ ఎక్కలేదు. కాళ్ళలో ఓపిక లేదు. కింద రంగిణీ మహల్, కాస్త ఇవతల మీర్ రజా అలీ ఖాన్ సమాధి మీది పెద్ద గుమ్మటం చూశాను. ఆయన టిప్పు సుల్తాన్‌కు మేనమామ. టిప్పు చనిపోయాక 1799లో ఈ ప్రాంతం నిజాంకు, మరుసటి ఏడే ఈస్టిండియా కంపెనీకి పోయింది, దత్త మండలాలన్నీ పోయినట్టే. గుమ్మటం లోపల చల్లగా ఉంది. గోడల నిండా పేర్లు, బాణాలు, హృదయాలు చెక్కేశారు. అంతటి కట్టడం మీద మేకు పెట్టి పేరు గీకే చెయ్యి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు, బాధేసింది.

తరిగొండ నేను కావాలని పెట్టుకున్న ఊరు. తిరుమలలో అన్నం తిన్న ప్రతివాళ్ళకూ తరిగొండ వెంగమాంబ పేరు తెలుసు, అన్నప్రసాద భవనానికి ఆవిడ పేరే పెట్టారు. రాత్రి ఏకాంత సేవలో ముత్యాల హారతీ ఆవిడ పేరుతోనే. 1730లో ఈ ఊళ్ళో పుట్టింది. చిన్నప్పుడే భర్త పోతే, జుట్టు తీయించుకోనని ఎదురు తిరిగిందని, ఊరి పెద్దల మాటలు పడలేక తిరుమల చేరిందని చెబుతారు. అక్కడే ఉండి పద్యాలు, యక్షగానాలు రాసింది. నరసింహస్వామి గుడి మెట్ల మీద కూర్చుని శేషాచలం ఎటువైపో ఊహించుకున్నాను. నా కింద గేర్ల సైకిల్, జేబులో ఫోన్, రోడ్డంతా తారు. ఆవిడ దారిలో ఎంతమంది "ఒక్కదానివేనా?" అని అడిగి ఉంటారు, వాళ్ళలో ఎందరు అన్నం పెట్టి ఉంటారు? చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

దాంతో వాయల్పాడులో పట్టాభిరామస్వామిని బయటి నుంచే దండం పెట్టుకుని కదలాల్సి వచ్చింది. మదనపల్లె దాకా ఎదురుగాలి. కాలవ గట్టు మీద నేర్చుకున్న విద్య అప్పుడు పనికొచ్చింది. తల దించి, మోచేతులు లోపలికి తీసుకుని, ముందున్న మైలురాయి వరకే చూస్తూ తొక్కాను. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి రాసిన దివ్యజ్ఞాన కళాశాల చూద్దామనుకున్నాను కానీ ఊళ్ళోకి వచ్చేసరికి చీకటి పడింది.

బెంగళూరు బస్సు క్లీనర్ సైకిల్‌కు నాలుగు వందలు అన్నాడు. నా టికెట్టుకు దగ్గర దగ్గరగా ఉంది. బేరమాడి రెండు వందలకు ఒప్పించాను. డిక్కీ తెరిస్తే సగం టమోటా బాక్సులే. సైకిల్ వాటి మీద పడుకోబెట్టబోయాడు.

"ఆగు తమ్ముడూ, కాయ నలిగిపోతుంది" అన్నాను.

"మీవి కాదు కదక్కా."

ముందు చక్రం విప్పి, బాక్సులకూ గోడకూ మధ్య నేనే దూర్చాను.