ఒకటో రోజు ఏది?

మా కాజీపేట ఇంటి వంటగదిలో ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. పాలు వేయించుకోని రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీ, మా ఆయన రాత్రి డ్యూటీలు, నా నెలసరి అన్నీ దాని మీదే ఉంటాయి. నెలసరి తేదీకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది అత్తమ్మ. దీపం ఎవరు పెట్టాలో, పండుగ పనులు ఎవరు చూసుకోవాలో ఆ సున్నాను బట్టి ఆమె ముందే సర్దుకుంటారు. పెళ్లయిన కొత్తలో నా ఒంటి సంగతి గోడకెక్కినట్టు అనిపించి సిగ్గుపడేదాన్ని, తరువాత అలవాటైపోయింది. పిల్లల కోసం ఎదురుచూడడం మొదలుపెట్టిన పద్నాలుగు నెలల తరువాత, ఆ సున్నా ప్రతి నెలా మూడు రోజులు ముందే పడుతోందని తెలిసింది.

నాకు ఎర్రని రక్తం మొదలయ్యే ముందు మూడు రోజులపాటు మచ్చలు కనిపిస్తాయి. మొదటి రోజు పలుచని టీ మరకలాగా, రెండో రోజు కాస్త ముదురుగా, మూడో రోజు మళ్లీ ఏమీ లేనట్టుగా ఉంటుంది; ప్యాడ్ అవసరం కూడా పడదు. మా అమ్మ నేర్పిన పద్ధతిలోనైనా, అత్తమ్మ పాటించే పద్ధతిలోనైనా మరక కనబడిందంటే ముట్టే, అది చుక్కయినా ధారయినా తేడా లేదు. అందువల్ల మరక పడిన ఉదయమే గోడ మీద సున్నా పడేది, నేను ఫోన్‌లోని యాప్‌లో అదే తేదీ నమోదు చేసేదాన్ని. సున్నాకూ సున్నాకూ మధ్య కచ్చితంగా 28 రోజులు ఉండడంతో ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. "నెల సక్కగనే వస్తుంది గదా బిడ్డా, ఇంక లోపమేముంటది?" అని అత్తమ్మ అనేవారు. ఆ మాటలో ఓదార్పు ఎంత ఉందో నిలదీత కూడా అంతే ఉందని నాకు అనిపించేది.

మా ఆయన రైల్వేలో గూడ్స్ బండి నడుపుతారు. బల్లార్షా వైపు ఒక రాత్రి, విజయవాడ వైపు మరో రాత్రి, మధ్యలో రన్నింగ్ రూములో నిద్ర. ఇంట్లో ఉండే రోజులను వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసిందే. గర్భం నిలిచే అవకాశం నెలకు ఆరు రోజులే ఉంటుంది, అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి అయిదు రోజులు. యాప్ చూపించిన ఆ ఆరు రోజులకు సరిపోయేలా ఆయన తోటివాళ్లను బతిమాలి డ్యూటీలు మార్చుకునేవారు, ఆ అప్పు తీర్చడానికి తరువాతి వారమంతా బండి మీదే గడిపేవారు. యాప్ ఒకటో రోజును మచ్చ పడిన నాటినుంచి లెక్కపెట్టి 14వ రోజున అండం విడుదలవుతుందని చెప్పేది. నిజానికి నాకు అది ఆ లెక్కలో 21వ రోజున జరుగుతోంది. అంటే ఆయన అంత కష్టపడి ఇంట్లో ఉన్న వారం పూర్తిగా వృథా వారం. ఆయన ఏ మంచిర్యాల దగ్గరో సిగ్నల్ కోసం ఆగి ఉన్న రాత్రులే మాకు కావలసిన రాత్రులు.

ఈ సంగతి తెలియక ముందు హనుమకొండలో ఒక ఆసుపత్రికి వెళ్లాము. ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగారు, క్యాలెండర్‌లో సున్నా ఉన్న తేదీ చెప్పాను. 21వ రోజున రక్తం ఇవ్వమన్నారు, ఇచ్చాను. ప్రొజెస్టెరాన్ 0.8 అని వచ్చింది. అండం విడుదల కావడమే లేదని రెండు నిమిషాల్లో తేల్చి, మాత్రలు రాసి, తరువాతి టోకెన్‌ను పిలిచారు. ఆ పరీక్ష ఉద్దేశం అండం విడుదలైన వారం తరువాత హార్మోన్ ఎంత ఉందో చూడడం. 28 రోజుల నెలసరి చక్రంలో 14వ రోజున విడుదలైతే, ఏడు కలిపి 21 అవుతుంది కనుక దానికి 21వ రోజు పరీక్ష అన్న పేరు స్థిరపడింది. నేను రక్తం ఇచ్చింది సరిగ్గా అండం విడుదలయ్యే రోజున. విత్తనం వేసిన పూటే మొలక ఏదని వెతికితే ఏం కనబడుతుంది? అయినా తప్పు తేదీ చెప్పింది నేనే కాబట్టి వాళ్లను పూర్తిగా నిందించలేను. కానీ ఒకటో రోజు అంటే మీ దృష్టిలో ఏమిటమ్మా అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది కదా అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ ప్రశ్న అడిగింది తరువాత మేము కలిసిన డాక్టరమ్మ. ఫైలు పక్కన పెట్టి, "ప్యాడ్ తడిసేంత రక్తం ఏ రోజు వచ్చింది? ఆ తేదీ చెప్పు" అన్నారు. మచ్చలు పడే రోజులు పాత చక్రానికి తోకలాంటివని, కొత్త చక్రం ఎర్రని రక్తంతోనే మొదలవుతుందని చెప్పి, మూడు నెలలపాటు రెండు తేదీలూ విడివిడిగా రాయమన్నారు. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను మూత్రంలో పట్టి చూపే స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి, వాటితో పరీక్షించుకోమని కూడా అన్నారు. రెండు గీతలూ సమానంగా ముదిరిన తరువాత దాదాపు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. మూడు నెలల్లోనూ చిత్రం ఒకటే: ఎర్రని రక్తం నుంచి లెక్కిస్తే 18వ రోజున అండం, 26వ రోజున మచ్చ, 28 రోజులు నిండగానే మళ్లీ నెలసరి.

అండం విడుదలైన నాటినుంచి నెలసరి వచ్చేదాకా ఉండే కాలాన్ని లూటియల్ ఫేజ్ అంటారు. అండం బయటపడిన తరువాత ఆ ఖాళీ తిత్తి కార్పస్ లూటియం అనే చిన్న గ్రంథిగా మారుతుంది. ఆ లాటిన్ పేరుకు పసుపు పచ్చని ముద్ద అని అర్థమట. ఇంటికి కొత్త కోడలు వచ్చినప్పుడు గడపకు పసుపు పూసే మనవాళ్లకు ఆ పేరు బాగానే నచ్చుతుందని నేను నవ్వుకున్నాను. ఆ ముద్ద ప్రొజెస్టెరాన్ తయారుచేసినంత కాలం గర్భసంచి లోపలి పొర నిలబడుతుంది, అది ముడుచుకుపోతే పొర రాలిపోతుంది. సాధారణంగా ఈ కాలం 12 నుంచి 14 రోజులు ఉంటుంది, 10 రోజులు లేదా అంతకన్నా తక్కువైతే పొట్టిది అంటారు. నాది సరిగ్గా 10, అంటే గడప మీద నిలుచున్నట్టు. పిండం పొరకు అంటుకోవడం చాలామందిలో అండం విడుదలైన 8 నుంచి 10 రోజుల మధ్య జరుగుతుంది. నాకు ఎనిమిదో రోజునే మచ్చ పడుతోంది. ఇంటికి చుట్టం దిగే వేళకు పందిరి విప్పుతున్నట్టు ఉందని డాక్టరమ్మతో అంటే, ఆమె అంత తొందరపడి కథ అల్లుకోవద్దని మందలించారు.

ఆమె మందలింపుకు కారణాలు ఉన్నాయి. ఈ లూటియల్ కాలంలో ప్రొజెస్టెరాన్ చాలకపోవడాన్ని లూటియల్ లోపం అంటారు; ఆ ఆలోచనను అమెరికాలో జార్జియానా జోన్స్ అనే వైద్యురాలు 1949లో ప్రతిపాదించారు. ఇన్ని దశాబ్దాలు గడిచినా దాన్ని కచ్చితంగా తేల్చే ఒక్క పరీక్ష కూడా లేదు. ప్రొజెస్టెరాన్ అలలు అలలుగా విడుదలవుతుంది కనుక, ఒకే మనిషిలో గంటన్నర వ్యవధిలోనే ఎనిమిది రెట్ల వరకు తేడా రావచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకు కూడా అప్పుడప్పుడు ఇలాంటి పొట్టి నెల వస్తుంది. ఈసారి సరైన రోజున, అంటే 25వ రోజున రక్తం ఇస్తే 8.4 వచ్చింది. 3 దాటితే అండం విడుదలైనట్టే కాబట్టి మొదటి ఆసుపత్రి తీర్పు అక్కడే కొట్టుకుపోయింది. అంతకుమించి ఆ అంకెలోంచి ఏమీ పిండవద్దని ఆమె చెప్పారు.

మచ్చలకు వేరే కారణాలు కూడా వెతకాలని లోపలి స్కాన్ చేయించారు. గర్భసంచిలో పాలిప్ అనే చిన్న కండ, ముఖద్వారంలో ఇన్‌ఫెక్షన్, గర్భసంచి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, మన దేశంలోనైతే గర్భసంచి టీబీ కూడా మరచిపోకూడదని ఒక్కొక్కటిగా చూశారు. ఏమీ కనబడలేదు. పాల హార్మోన్ ప్రొలాక్టిన్ బాగానే ఉంది. థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువగా, 5.8 ఉండడంతో థైరాయిడ్ మాత్ర 25 మైక్రోగ్రాములు పరగడుపున మొదలైంది. మా ఆయన వీర్య పరీక్షకు అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు, "మగపిలగానికెందుకు పరీక్షలు?" అన్నారు; ఆయన ఆమెకు చెప్పకుండా వెళ్లి ఇచ్చి వచ్చారు, రిపోర్టు బాగానే వచ్చింది.

తరువాత రెండు నెలలు ప్రొజెస్టెరాన్ 200 మిల్లీగ్రాముల గుళికలు రాత్రిపూట లోపల పెట్టుకోమన్నారు. అండం విడుదలైందని తేలిన మూడో రోజునుంచి మాత్రమే మొదలుపెట్టాలని, ముందే మొదలుపెడితే అండాన్నే ఆపేయవచ్చని గట్టిగా చెప్పారు. మామూలు చక్రంలో ఇది గర్భం నిలబెడుతుందనడానికి బలమైన రుజువు లేదని కూడా దాచకుండా చెప్పారు. మందు రాస్తూ మందు మీద అనుమానం కూడా చెప్పే డాక్టరును నేను అంతకుముందు చూడలేదు, నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మొదటి నెలలో మచ్చ పడలేదు. 29వ రోజు గడిచింది, 30 గడిచింది, 31 కూడా గడిచింది. అత్తమ్మ ఏమీ అడగలేదు గానీ క్యాలెండర్ ముందు రెండుసార్లు ఆగడం, ఎర్ర పెన్ను ముట్టకుండా వెళ్లడం నేను గమనించాను. అంతకుముందే ఆమె మేడారం సమ్మక్కకు నా ఎత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కి ఉన్నారు. ఆ సాయంత్రం కొట్టులో కిలో బెల్లం ధర ఎంతని అడిగి వచ్చారు. గుళికలు వాడుతున్నంత కాలం నెలసరి ఆగి ఉండవచ్చని, పరీక్ష చేసుకోకుండా ఆశ పెట్టుకోవద్దని నాకు డాక్టరమ్మ ముందే చెప్పారు. తెల్లవారుజామున బాత్‌రూములో స్ట్రిప్పు పట్టుకుని అయిదు నిమిషాలు కూర్చున్నాను, ఒక్క గీతే వచ్చింది. గుళికలు ఆపాను. మూడో రోజున, మచ్చ కూడా పడకుండా, నేరుగా ఎర్రని రక్తం వచ్చింది. రెండో నెలలోనూ అంతే జరిగింది.

ఆ తరువాత, థైరాయిడ్ దారికి వచ్చాక చక్రం దానంతటది ఎలా నడుస్తుందో చూద్దామని ఒక నెల గుళికలు ఆపించారు. ఆ నెల సద్దుల బతుకమ్మ నాటి ఉదయం మచ్చ పడింది, కానీ 28వ రోజున, అంటే ముందుకన్నా రెండు రోజులు ఆలస్యంగా. అత్తమ్మ అప్పటికే హాల్లో తాంబాలం ముందు కూర్చుని, గునుగు పూల కొసలు కత్తిరించి కట్టలు కడుతున్నారు, చుట్టూ తంగేడు కుప్పలుగా ఉంది. దాచడం ఇష్టంలేక చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ముట్టయితే పువ్వు ముట్టద్దు గద బిడ్డా."

"డాక్టరమ్మ లెక్కల ఇది ఒకటో రోజు కాదు, అత్తమ్మా."

ఆమె చేతిలోని గునుగు కట్ట వైపు చాలాసేపు చూశారు. ఆ కట్టకు రంగు అద్దాలి, నువ్వుల సద్ది ఇంకా కాలేదు, సాయంత్రానికి పద్మాక్షి గుట్టకు చేరాలి, ఇంట్లో మరో ఆడమనిషి లేదు.

"గామె కాదంటే కాదు. జర ఆ బంతిపూలు గిటు జరుపు" అన్నారు.

రెండు రోజుల తరువాత పొద్దున్నే నేను ప్యాడ్ల ప్యాకెట్ తీసుకుని వస్తుంటే, ఆమె క్యాలెండర్ దగ్గర పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇగ ఇయ్యాల చుట్టాల్నా?" అని అడిగారు.

ఇయ్యాలనే అన్నాను. ఆమె ఆ తేదీకి సున్నా చుట్టి, రెండు రోజుల వెనక్కి వెళ్లి, సద్దుల బతుకమ్మ గడిలో ఒక చిన్న చుక్క పెట్టారు.