తెలుగు పీడీఎఫ్‌లతో నా తంటాలు

హమ్మయ్య, మా కాలేజీ వెబ్‌సైట్ పని ఒక కొలిక్కి వచ్చింది. చూపులేని పిల్లలు ఎవరి సాయం లేకుండా వాడుకునేలా మార్చమని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. ఫొటోలకు వివరణలు రాయడం, లేత బూడిదరంగు అక్షరాలను ముదురు చేయడం (అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడా, అంటే కాంట్రాస్ట్, కనీసం 4.5:1 ఉండాలి) లాంటివి చకచకా అయిపోయాయి.

నా పరువు తీసినవి పీడీఎఫ్‌లు. అందరి ముందూ చూపిద్దామని చూపులేని మా ఎంఏ విద్యార్థి ఒకరిని పిలిచి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఆన్ చేయించాను. ఇంగ్లిష్ పేజీలను గడగడా చదివేసింది. తెలుగు అడ్మిషన్ నోటీసు తెరవగానే స్పీకర్‌లోంచి పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు! సూపరింటెండెంట్ గారు నవ్వి, "తెలుగు చక్కగా కనిపిస్తోంది కదమ్మా, మీ సాఫ్ట్‌వేర్‌కే తెలుగు రాదేమో" అన్నారు. ఆ అబ్బాయి మాత్రం తాపీగా, "అను ఫాంట్ అయ్యుంటుంది మేడమ్, మాకిది అలవాటే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

సంగతేమిటంటే, ఆ పాత ఫాంట్లలో తెర మీద 'అ' ఆకారం కనిపిస్తుంది గానీ ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ కోడ్. పైన పటారం, లోన లొటారం. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే బండారం బయటపడుతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. మన డీటీపీ సెంటర్లకే ఇంకా తీరిక దొరకలేదు.

"మా చేతులు ఆపిల్ కీబోర్డుకు అలవాటు పడ్డాయి మేడమ్" అన్నాడు మా డీటీపీ ఆయన. అను ఫాంట్లలో టైప్ చేయడానికి వాడే కీల అమరిక పేరది. పైగా యూనికోడ్ అక్షరాలకు అందం ఉండదట! సరేలెమ్మని కన్వర్టర్‌లో వేస్తే వత్తులన్నీ చెల్లాచెదురు. ఒక్కో నోటీసూ వరస వరసా సరిచూడాల్సి వచ్చింది. "ఒక్క అబ్బాయి కోసం ఇంత అవసరమా?" అని సూపరింటెండెంట్ గారు మళ్లీ మొదలుపెట్టారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రింట్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టాను. ఆ తర్వాత కిక్కురుమనలేదు.

మీకూ ఈ పని పడితే, డీటీపీ బిల్లు మీద సంతకం పెట్టే ముందే నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి. కుదిరితే నోటీసును పీడీఎఫ్‌గా కాకుండా మామూలు వెబ్ పేజీగానే పెట్టండి. స్కాన్ చేసిన కాగితాలైతే ఇంకా ఘోరం, అవి ఉత్త బొమ్మలు, చదవడానికి అందులో అక్షరమే ఉండదు. అలాంటివి మా దగ్గర ఒక బీరువాడు ఉన్నాయి. వాటిని మా పిల్లలే టైప్ చేస్తామన్నారు. ఆ డీటీపీ ఆయనకు మాత్రం ఇవ్వను.