కమియోకా గని దాకా

జపాన్‌లో తోయామా నుంచి కమియోకాకి బస్సెక్కాను. కొండల మధ్య జింజూ నది లోయ వెంటే దారి. నీళ్లు ఆకుపచ్చగా, ఎంతో అందంగా ఉన్నాయి. కానీ ఒకప్పుడు కమియోకా గనుల నుంచి కాడ్మియం ఈ నీళ్లలో కలిసి, దిగువ పల్లెల్లో ఎంతోమందిని ఎముకలు విరిగే ఇతాయి ఇతాయి జబ్బు పాలు చేసింది. అది తెలిసి చూస్తే ఆ నది అందం వేరుగా కనిపిస్తుంది. జింక్, సీసం తవ్విన ఆ గనిలోనే, కొండ శిఖరానికి 1000 మీటర్ల కింద, న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను పట్టే సూపర్ కమియోకాండే ఉంది.

మామూలు రోజుల్లో సందర్శకులను గనిలోకి పంపరు. ఊళ్లో కమియోకా ల్యాబ్ అనే చిన్న మ్యూజియం ఉంది, అక్కడికే వెళ్లాను. అతి సన్నని వెలుగును కూడా పట్టే అర మీటరు వెడల్పున్న గాజు బుడ్డి, అంటే ఫొటోమల్టిప్లయర్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. గనిలో 50 వేల టన్నుల శుద్ధమైన నీళ్లున్న సూపర్ కమియోకాండే ట్యాంకు లోపల ఇలాంటివి 11 వేలకు పైగా ఉన్నాయి.

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొంటే న్యూట్రినోలు పుడతాయి. వాటిలో ఏ ఒక్కటో ఈ నీళ్లలో తగిలి కాంతి పుట్టిస్తుంది. న్యూట్రినోలు మూడు రకాలు: ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ. మ్యూయాన్ రకమైతే గోడ మీద పడే కాంతి వలయం అంచు స్పష్టంగా ఉంటుంది, ఎలక్ట్రాన్ రకమైతే చెదిరినట్టు ఉంటుంది. నెత్తిమీది గాలిలో పుట్టినవి 15 కిలోమీటర్లు వస్తే చాలు. భూమికి అవతలి వైపు పుట్టినవి దాదాపు 13 వేల కిలోమీటర్లు దాటి కింది నుంచి రావాలి. అలా కింది నుంచి వచ్చే మ్యూయాన్ రకం, పై నుంచి వచ్చేవాటిలో ఇంచుమించు సగమే ఉన్నాయి! ఎలక్ట్రాన్ రకంలో ఆ తేడా లేదు. అంటే మ్యూయాన్ రకం దారిలోనే టౌ రకంగా మారిపోతోంది. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉంటేనే అది సాధ్యం. ఇంత పెద్ద సంగతి పైకీ కిందికీ పోల్చి చూడడంలోంచి తేలడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. 1998లో పక్కనే ఉన్న తకయామాలో తకాకి కజితా ఈ ఫలితం ప్రకటించారు. 2015లో నోబెల్ వచ్చింది.

మాది కుప్పం. అక్కడ రైలెక్కితే కాసేపట్లో బంగారుపేట, ఆ పక్కనే కోలార్ బంగారు గనులు. ఇలా గాలిలో పుట్టే వాతావరణ న్యూట్రినోలను మొదట పట్టినచోట్లలో అదొకటి. 1965లో 2 కిలోమీటర్లకు పైగా లోతున ముంబైలోని టాటా పరిశోధన సంస్థ (టాటా ఇన్‌స్టిట్యూట్) వాళ్లతో పాటు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలూ పనిచేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. ఆ కోలార్ గనుల్లో ఒకటైన ఛాంపియన్ రీఫ్‌లో కూడా పిల్లలు దగ్గరగా నిలబడి చూడగలిగే ఇలాంటి మ్యూజియం ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.