ఒరిగిన ఓడ మీద నుంచి

ఓడల్లో పనిచేసే మాకు ఐదేళ్లకోసారి తప్పని రిఫ్రెషర్ శిక్షణ కోసం గత నెల చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపున్న ఒక కేంద్రానికి వెళ్లాను. ఈతకొలనులో తలకిందులుగా తేలుతున్న లైఫ్‌రాఫ్ట్‌ను, అంటే గ్యాస్‌తో ఉబ్బే ప్రాణరక్షక తెప్పను, ఒక్కరే తిప్పాలి. గ్యాస్ సిలిండర్ ఉన్న అంచు మీద నిలబడి, అడుగున ఉన్న పట్టీని పట్టుకుని, బరువంతా వెనక్కి వేయగానే అది లేచి సరిగ్గా మన నెత్తి మీదే పడుతుంది. అప్పుడు వెల్లకిలా ఈదుతూ దాని కింద నుంచి బయటపడాలి. నాకు మూడోసారికి గాని సాధ్యం కాలేదు. "ఇక్కడ అలలు లేవు కదయ్యా, ఇదే సుఖం" అన్నారు నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన మా శిక్షకుడు.

1994 సెప్టెంబరులో బాల్టిక్ సముద్రంలో మునిగిన ఎస్టోనియా ఓడ ప్రయాణికులు ఇదే పనిని రాత్రి చీకట్లో, చలిలో, పెద్ద అలల మధ్య చేయవలసి వచ్చింది. ఓడ వేగంగా ఒక పక్కకు ఒరిగిపోవడంతో లైఫ్‌బోట్లను మామూలు పద్ధతిలో దింపడం కుదరలేదు. ఆ ప్రమాదంలో 852 మంది చనిపోయారు. లైఫ్‌బోటును 20 డిగ్రీల ఒరుగు వరకు దింపగలగాలని ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నియమం చెబుతుంది గాని, ఓడ అక్కడే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంజనూ పైకప్పూ ఉన్న లైఫ్‌బోటు నీటిలోకి దిగాక దాన్ని మించినది లేదు, చిక్కంతా దిగే వరకే. డ్రిల్స్‌లో బోటును తాళ్లకు వేలాడదీసే హుక్కు ముందే తెరుచుకుని, మనుషులతో సహా బోటు కింద పడిన ప్రమాదాలు చాలా జరిగాయి. అందుకే 2011లో ఆమోదించిన సవరణతో పాత హుక్కులను పరీక్షించి, ప్రమాణాలకు తగని వాటిని మార్చవలసి వచ్చింది.

నా నమ్మకం మాత్రం రాఫ్ట్ మీదే. ఎవరూ ముట్టుకోకపోయినా, ఓడ మునిగాక ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతులోపు నీటి ఒత్తిడికి హైడ్రోస్టాటిక్ యూనిట్ అనే పరికరం, రాఫ్ట్‌ను మడిచి పెట్టిన డబ్బా కట్టును విడిపిస్తుంది. డబ్బా పైకి తేలుతుంది, మునిగే ఓడ రాఫ్ట్ తాడును లాగగా రాఫ్ట్ ఉబ్బుతుంది, ఆపైన ఆ తాడును ఓడకు కలిపే, కావాలనే బలహీనంగా తయారుచేసిన లింకు తెగి రాఫ్ట్ విడిపోతుంది. ఆ తాడును లింకుకు కాక నేరుగా డెక్కుకు గట్టిగా ముడివేస్తే రాఫ్ట్ కూడా ఓడతో పాటే అడుగుకు పోతుంది. ఒక ఓడలో చేరిన మొదటి రోజే అలాంటి ముడిని చూశాను. విప్పడానికి పది నిమిషాలు పట్టింది. దాని మీద అప్పటికే రెండు పొరల రంగు ఉంది.