సైటు మూసిన కాయిదం ఎవరి దగ్గరుంది?

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఎవరో ఒకరు ఊరూరా బోరునీళ్లు పరీక్ష చేయించి, ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఎక్కడ దాటిందో ఒక వెబ్‌సైట్‌లో పెట్టారనుకుందాం. ఒకనాడు పొద్దున చూస్తే సైటు తెరుచుకోదు. నోటీసు లేదు, చెప్పిన మనిషి లేడు. ఇట్లాంటప్పుడు నేరుగా వకీలు దగ్గరికి ఉరికి "మా సైటు తెరిపించండి" అంటారు. కోర్టు మాత్రం ఏ ఉత్తర్వును సవాలు చేస్తున్నారని అడుగుతుంది. ఆ ఉత్తర్వు మీ చేతిలో ఉండదు. ఈ కేసుల్లో సగం కొట్లాట ఆ కాయిదం కోసమే.

దానికన్నా ముందు, సైటును నిజంగానే మూశారా లేక అదే పాడైందా తేల్చుకోవాలి. డొమైన్ గడువు తీరినా, హోస్టింగ్ బిల్లు కట్టకపోయినా సైటు రాదు. దాన్ని సెన్సార్‌షిప్ అని కోర్టుకు పోతే మొదటి వాయిదాలోనే పరువు పోతుంది. జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ మూడింటి మీదా చూడాలి. దుబాయిలోనో అమెరికాలోనో ఉన్న చుట్టంతో ఒకసారి తెరిపించి చూడాలి. ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్‌తో పరీక్షిస్తే, అడ్డు డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి సర్వర్ చిరునామా వెతికిచ్చే వ్యవస్థ) దగ్గర పడిందా, కనెక్షన్‌ను మధ్యలో తెంపుతున్నారా అన్నది తేదీ, సమయంతో సహా నమోదవుతుంది.

స్క్రీన్‌షాట్‌లో పూర్తి వెబ్ చిరునామా, తేదీ కనబడాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, అందుకని అసలు ఫైలును కదిలించకుండా దాచాలి. ఇట్లాంటి ఫైలును కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. దానికి రెండు భాగాలున్నాయి. ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. స్క్రీన్‌షాట్ తీసిన రోజే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి పెట్టుకుంటే తర్వాత లొల్లి ఉండదు.

ఇక మూసింది ఎవరు? సర్కారే అని ముందే అనుకోవద్దు. 2017 ఆగస్టులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మన దేశంలో కొన్నాళ్లు ఆగిపోయింది. సినిమా పైరసీ మీద నిర్మాతలు మద్రాసు హైకోర్టులో తెచ్చుకున్న ఉత్తర్వులోని రెండువేల పైచిలుకు సైట్లలో అదీ పడిపోయింది. సివిల్ కోర్టు ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) మీద రిట్, అంటే సర్కారు చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్, వేస్తే నిలవదు. అదే కోర్టుకు పోయి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 4 కింద ఇంజంక్షన్ మార్చమనో కొట్టేయమనో అడగాలి.

సర్కారు మూసిందంటే సాధారణంగా ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద. ఈ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదవాలి. దేశ సార్వభౌమత్వం–సమగ్రత, రక్షణ, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, ప్రజాశాంతి, వీటికి సంబంధించిన నేరాలకు ఉసిగొల్పడం. కారణాలు ఇవే. పరువునష్టం ఇందులో లేదు, తప్పుడు లెక్కలు లేవు, అధికారులకు తలనొప్పి అసలే లేదు. బోరునీళ్ల లెక్కను ఇందులో ఎక్కడ ఇరికిస్తారో వాళ్లే చెప్పాలి.

2009 నాటి బ్లాకింగ్ నిబంధనల్లో రూల్ 8 ప్రకారం ఆ సమాచారం పెట్టిన "వ్యక్తికి లేదా మధ్యవర్తికి" నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 48 గంటలు ఇవ్వాలి. తిప్పలంతా ఆ "లేదా"తోనే. ప్లాట్‌ఫామ్‌కు నోటీసిచ్చి, రాసినవాళ్లను వదిలేస్తారు. రూల్ 16 కింద అంతా గోప్యమంటారు. కానీ 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ తీర్పులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ 69ఎను నిలబెట్టడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, ఉత్తర్వులో కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి, వాటిని రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్‌లో సవాలు చేయొచ్చని. రాసినవాళ్లెవరో తెలిస్తే వాళ్లనూ వినాలని కూడా చెప్పారు. కాయిదమే ఇవ్వకపోతే దేన్ని సవాలు చేయాలి? పిటిషన్‌లో మీ వాదనకు ఇదే గుండెకాయ. డౌరీ కాల్క్యులేటర్ అనే వ్యంగ్య సైటు కేసులో 2022 మేలో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ప్రతి ఇవ్వమని, సైటు నడిపే మనిషిని వినమని చెప్పింది.

రిట్‌కు ముందు డిమాండ్ లేఖ తప్పనిసరి. అడగకుండా, కాదనిపించుకోకుండా మాండమస్ (ఫలానా పని చేయమని అధికారికి కోర్టు ఇచ్చే ఆదేశం) అడిగితే అక్కడే ఆగిపోతారు. ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కు స్పీడ్ పోస్టులో రాసి, రసీదు దాచండి. ₹10 కట్టి ఆర్టీఐ కూడా వేయండి. 30 రోజులకు ఆర్టీఐ చట్టంలో దేశ భద్రత మినహాయింపైన 8(1)(ఎ) అనో రూల్ 16 అనో జవాబొస్తుంది. నిరాశ పడొద్దు, ఆ జవాబే కాదన్నందుకు రుజువు.

ఢిల్లీ పోవాల్సిన పని లేదు. కేసు కారణంలో కొంత భాగం ఇక్కడ పుట్టినా 226(2) కింద హైదరాబాద్‌లోని తెలంగాణ హైకోర్టులో వేయొచ్చు. పిటిషన్ మనిషి పేరున, భారత పౌరుడి పేరున వేయాలి. రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన హక్కు పౌరులకే. చదివే హక్కూ అందులోదే కాబట్టి పాఠకులూ వేయొచ్చు. ప్రతివాదులుగా ఐటీ శాఖతోపాటు టెలికాం శాఖను, నెట్ కంపెనీలను చేర్చాలి, లేకుంటే ఒకరు ఇంకొకరి మీదకు తోస్తారు. మొదటి కోరిక ఉత్తర్వు ప్రతి, రెండోది విచారణ, మూడోది సైటు తెరవడం. ఈ వరుస తారుమారు చేయొద్దు.

ఒక్క పేజీ మీద అభ్యంతరం చెప్పి సైటు మొత్తం మూశారా? అది గట్టి పాయింటు. హెచ్‌టీటీపీఎస్‌లో నెట్ కంపెనీకి డొమైన్ పేరే కనబడుతుంది, ఏ పేజీ అన్నది కనబడదు, అందుకే అంతా మూస్తారు. టర్కీలో వికీపీడియాకు జరిగిందిదే. 2017 ఏప్రిల్ 29న అన్ని భాషలూ మూసేస్తే, 2019 డిసెంబరు 26న ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం అది భావప్రకటన హక్కుకు భంగమని చెప్పింది. 2020 జనవరి 15న తెరుచుకుంది. మన దగ్గర ఆంక్ష అవసరానికి మించకూడదనడానికి కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 2020 జనవరి 10 నాటి అనురాధా భసీన్ తీర్పు ఉంది.

సర్కారు తన కారణాలను మీకు చూపకుండా జడ్జికే సీల్డు కవరులో ఇస్తానంటే ఒప్పుకోవద్దు. 2023 ఏప్రిల్ 5న మీడియా వన్ అనే మలయాళ టీవీ చానెల్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టింది. ఆ బెంచిలోని జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. రహస్యమైన పేర్లు నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వమని అడగండి.

ఆలస్యం మాత్రం చేయొద్దు. 2023 జూన్ 30న కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి ట్విటర్ కంపెనీ పిటిషన్ కొట్టేసి ₹50 లక్షల ఖర్చులు వేసినప్పుడు, సర్కారు బ్లాకింగ్ ఉత్తర్వులను ఏడాదికి పైగా పాటించకుండా ఆ తర్వాత కోర్టుకొచ్చారని తప్పుపట్టారు. డిమాండ్ లేఖకు నెలలోపు జవాబు రాకుంటే పిటిషన్ వేసేయండి.