పొడి దుక్కిలో విత్తనం

మా చేను కళ్యాణదుర్గం దగ్గర, ఊరికి ఒక కిలోమీటరు దూరంలో ఉంది. ఐదెకరాల ఎర్రనేల, గరుసు. వేసిన బోర్లు రెండూ ఎండిపోయాయి, మూడోది వేయడానికి నేను ఒప్పుకోలేదు. మా అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వానే సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో ఏప్రిల్ ఆఖర్లోనూ, మే నెలలోనూ పడేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. శెనక్కాయ పీకిన తర్వాత చేను బోడిగా వదిలేసి, మళ్ళీ జూన్‌లో పదును కోసం మొగులు చూస్తాం. ఆ నడుమ నెలలన్నీ పైమట్టి గాలికి లేచిపోతూనే ఉంటుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు కనబడని రాళ్ళు ఇప్పుడు చేను నడిమధ్యలో తేలాయి. ఆ రాళ్ళను చూసి దిగులుపడే నవధాన్యాలు వేయడం మొదలుపెట్టాను.

ప్రకృతి వ్యవసాయం నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ వాళ్ళు మా మహిళా సంఘంలో ఈ పద్ధతి చెప్పారు. వాళ్ళ మాటలో పీఎండీఎస్, అంటే ప్రీ మాన్సూన్ డ్రై సోయింగ్. వాన పడ్డాక విత్తడం కాదు, పడకముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలు కలిపి చల్లి పెట్టడం. మొదటి వాన ఒక్క చుక్క కూడా వృథా పోకుండా మొలకకు అందుతుంది. మా మామకు చెబితే, "యాడన్నా నిప్పుల్లో విత్తనం చల్తారా పిల్లా?" అన్నాడు. మళ్ళీ ఆయనే కాసేపాగి, "భరణి కురిస్తే ధరణి పండును అని మా పెద్దోళ్ళు అనేటోళ్ళులే" అన్నాడు. అది నాకు సగం ఒప్పుకున్నట్టే అనిపించింది.

2021లో ఎకరంన్నరలో వేశాను. ఆ ఏడు విత్తనం ఉత్తదే చల్లాను, పూత పట్టించలేదు. మూడో రోజుకే చీమలు బారులు కట్టి నువ్వులు, కొర్రలు పుట్టల్లోకి మోసుకుపోయాయి. మిగిలినవి ఒక చిన్న జల్లుకు మొలిచాయి. ఆ తర్వాత పద్దెనిమిది రోజులు వాన లేదు, మొలక మాడిపోయింది.

మరుసటి ఏడు విత్తనానికి పట్టించే పూత మీదే మనసు పెట్టాను. ముందు బీజామృతం: ఇరవై లీటర్ల నీళ్ళు, ఐదు కిలోల ఆవు పేడ, ఐదు లీటర్ల గోమూత్రం, యాభై గ్రాముల సున్నం, గట్టు కింద మట్టి ఒక గుప్పెడు, ఒక రాత్రి నాననివ్వాలి. అలసంద, పెసర లాంటి పప్పుజాతి గింజల్ని అందులో నానబెడితే పొట్టు ఊడిపోతుంది, అందుకని పైన చిలకరించి చేత్తో కలపాలి. తడి ఆరకముందే జల్లించిన చెరువుమట్టి పొడి చల్లి చాటలో గుండ్రంగా తిప్పుతాం. ఆ పైన ఘనజీవామృతం (ఆవు పేడ, గోమూత్రంతో చేసి ఎండబెట్టిన ఎరువు) పొడి, మళ్ళీ కాస్త తడి, ఆఖరున బూడిద. అలసంద గింజ తిరిగి తిరిగి శెనగ గింజంత అవుతుంది. నువ్వులు మాత్రం పదేసి ఒకదానికొకటి అంటుకుని ఒకే ఉండ అయిపోతాయి. అందుకే సన్నగింజలు వేరుగా, పెద్దగింజలు వేరుగా చేయాలి. నీడలో ఆరాక గుళికను వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పొడి రాలకూడదు. ఇట్లా చేసిన విత్తనాన్ని చీమ ముట్టదు. చిన్న జల్లుకు తొందరపడి మొలవదు, పూత కరిగేంత వాన పడితేనే లేస్తుంది. మొదటి ఏడు నాకు తెలియకపోయింది ఇదే.

ఎకరానికి పన్నెండు కిలోల దాకా కలిపాను. అలసంద, పెసర, ఉలవ, జనుము రెండేసి కిలోలు, అనుములు, కంది, జొన్న ఒక్కో కిలో, తక్కినది కొర్ర, నువ్వులు, గోగు, గట్ల వెంబడి ఆముదం. భరణి కార్తెలో, అంటే ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో, చల్లి గుంటక తోలి, పైన శెనక్కాయ పొట్టు పలచగా పరిచాం. కృత్తికలో మంచి వాన పడింది. ఐదో రోజు పొద్దున్నే పోయి చూస్తే పొట్టు సందుల్లోంచి అలసంద ఆకులు జంటలు జంటలుగా లేచాయి. మా మామ గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

కానీ ఊరంతా ఎర్రగా ఉన్నప్పుడు ఒక్క చేను పచ్చగా ఉంటే ఏమవుతుందో మేం ఆలోచించలేదు. వాన పడిన ఇరవై రోజులకు, మధ్యాహ్నం పూట, మా ఊరి గొర్రెల అన్న మంద మా చేన్లోకి వచ్చింది. తప్పు ఆయనది కాదు. ఎండాకాలం చేలన్నీ మందలకు విడుపే, మేమూ ఏటా ఎరువు కోసం ఆయన మందనే మా చేన్లో కట్టించుకుంటాం. ఆయనకు అది చల్లిన పంట అని కూడా తెలియదు. జొన్న అప్పటికి జానెడు కూడా లేదు, ఎండకు గిడసబారి వాడిపోయి ఉంది. కాసేపటికే మూడు గొర్రెలు కడుపుబ్బి, వణుకుతూ పడిపోయాయి. ఫోన్ చేస్తే పశువుల డాక్టర్ వచ్చి, చూడగానే "నాము" అన్నాడు. లేత జొన్న నీళ్ళు చాలక వాడితే ఆకులో సైనైడ్ విషం పెరుగుతుందట. ఆయన ఆ విషానికి విరుగుడుగా హైపో ఇంజక్షన్లు వేస్తే రెండు లేచాయి. మూడోది చూడి గొర్రె, డాక్టర్ వచ్చేలోపే పోయింది.

జొన్న కోసిన చేన్లో పిలకలొస్తే మా అమ్మమ్మ ఎద్దుల్ని అటు పోనిచ్చేది కాదు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా చేన్లో ఎవరి పశువైనా పడుతుందని అనుకోలేదు. గొర్రె ఖరీదు ఇచ్చాం, ఆయన సగమే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి నా గింజల్లో జొన్న లేదు, దాని బదులు సజ్జ వేస్తున్నాను. ఎండాకాలం చేన్లో ఏ పంట వేయాలన్నా ముందు మందలోళ్ళతో మాట్లాడి వేయండి. ఇప్పుడు మాకు ఒక ఒప్పందం ఉంది. చల్లే ముందు రోజు ఆయనకు చెబుతాను. కోత అయ్యేదాకా మంద మా గట్టు దాటదు. కోసినాక ఒక అర ఎకరం ఆయనకు మేతకు వదులుతాను, మూడు రాత్రులు మంద మా చేన్లో పడుకుంటుంది.

నీళ్ళ సంగతి అందరూ అడుగుతారు. శెనక్కాయకు కావాల్సిన తడిని ఈ పంటే తాగేయదా అని. ముదరనిస్తే తాగేస్తుంది. అందుకే వానలు బాగుంటే పంట పూల మీద ఉండగా, నలభై ఐదు రోజులకు కోస్తాను. వాన తక్కువైతే ముప్పై రోజులకే కోసి అక్కడే పరిచేస్తాను. ముదిరిన సజ్జ కాడ తొందరగా కుళ్ళదు, కుళ్ళే వరకు నేలలో ఉన్న నత్రజనిని అదే లాగేసుకుంటుంది. కోతకూ శెనక్కాయ విత్తుకూ నడుమ రెండు వారాలు ఎడమిస్తాను. కోసే ముందు ఒక అలసంద మొక్కను వేళ్ళతో సహా పెల్లగించి చూడండి. వేరు మీద బుడిపెలుంటాయి. గోటితో గిల్లితే లోపల ఎర్రగా కనబడాలి, అప్పుడే అది గాలిలోని నత్రజనిని పడుతున్నట్టు. నేను ఏటా పిల్లలకు అది చూపిస్తాను.

2023 ఆగస్టు మీకు గుర్తుండే ఉంటుంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తానికి అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకోటి లేదు. మా శెనక్కాయ అన్ని మళ్ళలోనూ దెబ్బతింది. కాకపోతే నవధాన్యాలు వేసిన మడిలో మధ్యాహ్నం ముడుచుకున్న ఆకు సాయంత్రానికి విచ్చుకునేది, పక్క మడిలో పొద్దుగూకినా ముడుచుకునే ఉండేది. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట పట్టి చూశాను. మొదటి మడి మట్టి ఉండ అయింది, రెండోది వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

ఇప్పుడు నాలుగెకరాల్లో వేస్తున్నాను. ఆ నెలన్నర ఇంట్లో గోగాకుకు కొదవ లేదు, సంగటిలోకి రోజూ ఉంటుంది. ఈసారి అలసంద విత్తనం కొనే పని లేదు, పోయినేటి కాయలు ఎండబెట్టి, గింజలో బూడిద కలిపి కుండలో పోసి పెట్టాను. అందులో రెండు కిలోలు గొర్రెల అన్నకు. ఆయనా తన అర ఎకరంలో చల్లుతాడంట. నిన్న గింజలు తీసుకోవడానికి ఇంటికొస్తే, "జొన్న మాత్రం కలపొద్దన్నా" అన్నాను.

"అది నాకు చెప్పాల్నా పాపా" అన్నాడు.